రాతి ముచ్చట: చెల్కల దొరికిన నల్లరాయి చుక్కరాయేనా?

పోయిన సంచికలో రాతి ఉల్కల గురించి ఒక పేజీ రాశాను. పడుతుండగా చూసి ఏరుకున్న ఉల్కల్లో 100కు దాదాపు 94 రాతివేననీ, పూర్తిగా ఇనుపవి అయిదారుకు మించవనీ అందులో చెప్పాను. అది చదివి పాలమూరు, నల్లగొండ వైపు నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి, వాటికి మించి ఫోన్‌కు ఫొటోలొచ్చాయి. డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన నాలాంటిదానికి ఇంతకన్నా సంతోషం ఏముంటుంది! అన్నిటికీ చోటు చాలదు కనుక ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడం, మా చెల్కల పాత బాయి పక్కన జేసీబీ పెట్టి తవ్వుతుంటే నల్లరాయి ఎల్లింది. తలకాయంత ఉన్నది, శానా బరువు. అయస్కాంతం పెడితే పట్టుకుంటున్నది. మా ఊరోళ్లు చుక్కరాయి అంటున్రు. ఫొటోలు పంపిన. నిజమేనా?
— ఒక రైతు, దేవరకొండ దగ్గర

తమ్ముడూ, మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. మూడో ఫొటోలో రాయి పగిలిన వైపు పెసరగింజంత, కందిగింజంత బొక్కలు కనిపిస్తున్నాయి. ఒకచోట కరిగి జారి గడ్డకట్టిన గీతలున్నాయి. ఇది చుక్కరాయి, అంటే ఉల్క, కాదు; ఇనుప చిట్టెం. ఒకప్పుడు మన ఊళ్ళల్లోనే బొగ్గు కొలిమి పెట్టి రాయి నుంచి ఇనుము తీసేవాళ్ళు. ఇనుము తీసుకున్నాక మిగిలిన కరుగుడు చెరువు కట్టల పక్కన, పాటి దిబ్బల మీద పారబోసేవాళ్ళు. కొంత ఇనుము అందులోనే ఉండిపోయింది కాబట్టి అయస్కాంతం పట్టుకుంటుంది. మీ బావి పక్కన ఇంకా ఇలాంటివి ఉంటే అక్కడ పాత కొలిమి ఉండొచ్చు. ఆ జాగను చెదరగొట్టకండి, అదీ ఒక చరిత్రే.

బొక్కలు చూడగానే ఉల్క కాదని ఎందుకు చెప్పగలిగానంటే, ఆకాశం నుంచి వచ్చే రాయి గాలిలో కొన్ని సెకన్లే మండుతుంది. ఆ కాసేపట్లో పైపొర కరుగుతుంది, కరిగింది కరిగినట్టే గాలికి కొట్టుకుపోతుంది. చివరికి మిగిలేది ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండని నల్లటి తొక్క. దాని లోపల రాయి ఎప్పటిలాగే చల్లగా, గట్టిగా ఉంటుంది. లోపలంతా బుడగలు వచ్చేంతగా ఉడకడానికి వ్యవధి ఉండదు. బుడగలు కనిపిస్తే కొలిమి గుర్తుకు రావాలి, లేదంటే కొడంగల్, వికారాబాద్ వైపు ఉండే లావా రాయి గుర్తుకు రావాలి.

నాకు వచ్చిన ఫొటోల్లో చిట్టెం తర్వాత ఎక్కువగా ఉన్నది డోలరైట్. మన గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్. ఆ గ్రానైట్‌ను చీల్చుకుంటూ పొడుగ్గా, గోడ కట్టినట్టు నల్లరాతి బారులు వెళ్తుంటాయి. క్వారీల వాళ్ళు బ్లాక్ గ్రానైట్ అని కోసి అమ్మేది ఆ రాయే. ఎండకూ వానకూ ఆ బారులు విరిగి, పొరలు ఊడి, గుండ్రటి గుండ్లవుతాయి. పైన గోధుమరంగు తోలు, లోపల నలుపు, చేతికి బరువు. అందులో మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది కాబట్టి దారానికి వేలాడదీసిన అయస్కాంతం కొంచెం అటు ఒరుగుతుంది కూడా. ఇన్ని పోలికలున్నప్పుడు ఎవరైనా పొరబడతారు. హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు నుంచి వచ్చిన రెండు ఫొటోల్లోవి మాత్రం సిమెంటు మిల్లుల్లో రాయి నూరే ఉక్కు గుండ్లు, తుప్పు పట్టాయి.

ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష చెబుతాను. రాయి ఒక మూలను సానరాయి మీద చిటికెన గోరంత మేర నున్నగా అరగదీయండి. ఎండలో పెట్టి భూతద్దంతో చూడండి. మామూలు రాతి ఉల్క అయితే బూడిదరంగు మీద వెండిలా మెరిసే లోహపు చుక్కలు చెదురుమదురుగా కనిపిస్తాయి. అది ఇనుమూ నికెలూ కలిసిన లోహం. మన డోలరైట్‌లో అది ఉండదు. సన్నటి తెల్ల పుల్లలూ వాటి మధ్య నల్లటి పలుకులూ ఉంటాయి. ఇంకొకటి, మెరుపు పూత లేని టైలు వెనకవైపు రాసి చూడండి. ఎర్రటి గీత పడితే హెమటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజం, చిక్కటి నల్లగీత పడితే మాగ్నెటైట్. తాజా రాతి ఉల్క సాధారణంగా గీతే పడనివ్వదు. రాయిలో గాజులా తెల్లటి పలుగు కనిపిస్తే ఇక వెతకనక్కర్లేదు, అది మన నేల రాయే.

బరువు సంగతి కూడా లెక్కతో చూడాలి. చేతికి బరువనిపించింది అంటే సరిపోదు. ఒక ఘనపు సెంటీమీటరు గ్రానైట్ 2.7 గ్రాములకు అటూ ఇటూ, డోలరైట్ 3 గ్రాములు, మామూలు రాతి ఉల్క 3.3 నుంచి 3.8 దాకా తూగుతుంది. మాగ్నెటైట్ 5 దాటుతుంది. నీళ్ళలో ముంచి కొలిస్తే సులువే గానీ, నిజంగా ఉల్కే అయితే నీళ్ళు దానికి విషం. కొలజాడీలో ఎండు ఆవాలు పోసి, రాయి లేకుండా ఒకసారి, రాయి పూడ్చి ఒకసారి మట్టం చూడండి. తేడా ఆ రాయి ఘనపరిమాణం. ఇది పల్లెటూరి ఉపాయమని చిన్నచూపు చూడకండి. వాటికన్ అబ్జర్వేటరీలో వెయ్యికి పైగా ఉల్కల ముక్కలున్నాయి. అక్కడి గై కాన్సల్‌మాగ్నో వాటి సాంద్రతను ఇదే పద్ధతిలో కొలిచారు. ఆవాలకు బదులు ఇసుక కన్నా సన్నటి గాజుపూసలు వాడారు, అంతే.

ప్రశ్న: అమ్మా, మా ఊళ్ళో ఒకాయన దగ్గర ఆకాశం రాయి ఉందట. దాంట్లో ఇరిడియం ఉంది, బియ్యం గింజల్ని లాగుతుంది, విదేశాల వాళ్ళు కోట్లు ఇస్తారు అంటున్నారు. ముందు టెస్టింగ్ ఖర్చులకు తలా యాభై వేలు వేసుకోవాలట. మా బావమరిది ఇవ్వడానికి సిద్ధమయ్యాడు. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, కల్వకుర్తి

ఒక్క రూపాయి ఇవ్వనీయకండి. ఈ పత్రిక మీ బావమరిది చేతికిచ్చి ఈ నాలుగు ముక్కలు చదివించండి.

బియ్యాన్ని లాగే రాయి ఈ భూమి మీద లేదు, ఆకాశంలోనూ లేదు. అయస్కాంతం లాగేది ఇనుము, నికెల్ లాంటివాటిని. బియ్యంలో అవేమీ లేవు. గింజలు కదిలినట్టు చూపించారంటే గింజల్లో ఇనుప రజను పెట్టారనో, చేతివాటం చేశారనో అర్థం. ఇక ఇరిడియం. ఉల్కల్లో ఇరిడియం ఉన్న మాట నిజమే, భూమి పైపొరలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఆ ఎక్కువ ఎంత? లోహం బాగా ఉండే హెచ్ రకం రాతి ఉల్కను ఒక టన్ను పిండి చేసినా ఒక గ్రాము ఇరిడియం రాదు. అయిదు కిలోల రాయిలో ఎంత ఉంటుందో మీరే లెక్కవేయండి.

నిజమైన రాతి ఉల్కలకు బజారులో ధర ఉంది, దాచను. ఎడారుల్లో విరివిగా దొరికే మామూలు రకాలు గ్రాముకు వందల రూపాయల లెక్కలో నడుస్తాయి. చంద్రుడి నుంచి, అంగారకుడి నుంచి వచ్చినవాటికి చాలా ఎక్కువ. కానీ ఆ ధరంతా ప్రయోగశాల ఇచ్చిన పేరుకూ వర్గీకరణకూ. కాగితం లేని నల్లరాయిని నమ్మి కొనే విదేశీయుడు ఎవరూ ఉండరు. ముందుగా డబ్బు అడిగినవాడు అక్కడితోనే దొరికిపోయాడు. పోలీసులకు చెప్పండి. మన జిల్లాల్లో ఈ రైస్ పుల్లింగ్ మాటలకు పొలాలు అమ్ముకున్నవాళ్ళున్నారని తలచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ప్రశ్న: మేడం, నేను గురుకులంలో పదో తరగతి చదువుతున్నాను. ఉల్కల పేర్ల పక్కన హెచ్ 5, ఎల్ఎల్ 6, సీఎం 2 అని రాస్తారు కదా. వాటి అర్థం ఏమిటి? ఎవరు నిర్ణయిస్తారు?
— ఒక విద్యార్థిని, వనపర్తి

బిడ్డా, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. కొంచెం పొడుగు జవాబే ఇస్తాను, ఓపిగ్గా చదువు.

రాతి ఉల్కల్లో పెద్ద కుటుంబం కాండ్రైట్లు. వాటిని కోసి చూస్తే, సర్వపిండి విరిచినప్పుడు పిండి మధ్య శనగపప్పు పలుకులు కనిపించినట్టు, రాయి నిండా గుండ్రటి గింజలు కనిపిస్తాయి. వాటిని కాండ్రూళ్ళంటారు. ఎక్కువగా మిల్లీమీటరు, అంతకన్నా చిన్నవి. సూర్యుడి చుట్టూ ఇంకా గ్రహాలు ఏర్పడని కాలంలో ధూళి కరిగి, బొట్లు బొట్లుగా అంతరిక్షంలో తేలుతూనే గడ్డకట్టగా వచ్చినవి అవి. భూమి మీద ఏ రాయిలోనూ అలాంటివి లేవు. మెక్సికోలో 1969 ఫిబ్రవరి 8న పడిన అయెండె అనే ఉల్కలో ఆ గింజలతోపాటు తెల్లటి మచ్చలూ ఉన్నాయి. అలాంటి తెల్ల మచ్చల వయసు 456.7 కోట్ల ఏళ్ళని తేలింది. సౌరకుటుంబంలోనే పుట్టినవాటిలో మనం వయసు కట్టగలిగిన అతి పాత ఘనపదార్థం అదే.

ఇప్పుడు అక్షరాలు. హెచ్, ఎల్, ఎల్ఎల్ అనేవి మామూలు కాండ్రైట్లలో మూడు గుంపులు. హెచ్‌లో మొత్తం ఇనుము బరువులో 27 శాతం దాకా ఉంటుంది, ఎల్‌లో 22 శాతం దాకా, ఎల్ఎల్‌లో 20 లోపే. ఇనుము ఎంత ఉందన్నది ఒకటైతే, ఏ రూపంలో ఉందన్నది ఇంకొకటి. హెచ్‌లో చాలా ఇనుము లోహంగానే మెరుస్తుంది. ఎల్ఎల్‌కు వచ్చేసరికి లోహం చాలా తక్కువ, ఇనుము ఎక్కువభాగం ఆక్సిజన్‌తో కలిసి ఆలివిన్ వంటి ఖనిజాల్లోకి చేరిపోయింది. అందుకే శాస్త్రవేత్తలు రాయిని పల్చగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే యంత్రంతో ఆలివిన్‌లోని ఇనుము, మెగ్నీషియం పరమాణువులు రెండూ కలిపి నూరనుకుంటే, అందులో ఇనుము పాలు ఎంతో కొలుస్తారు. అది 16 నుంచి 20 మధ్య వస్తే హెచ్, 22 నుంచి 26 మధ్య వస్తే ఎల్, 27 నుంచి 32 మధ్య వస్తే ఎల్ఎల్. కంటికి ఒకేలా కనిపించే రెండు బూడిదరంగు రాళ్ళు వేరు వేరు గ్రహశకలాల నుంచి వచ్చాయని చెప్పేది ఈ అంకె. ఈ కొలతను నేను ఎంత గౌరవిస్తానో చెప్పలేను.

అక్షరం పక్కన అంకె ఆ రాయి ఎంత కాగిందో చెబుతుంది. వాన్ ష్మస్, వుడ్ అనే ఇద్దరు 1967లో ఈ పద్ధతి పెట్టారు. 3 అంటే దాదాపు కాగనిది, కాండ్రూళ్ళు గీసినట్టు స్పష్టంగా ఉంటాయి. 4, 5, 6 అని పెరిగేకొద్దీ వేడికి ఖనిజాలు మళ్ళీ పెరిగి, గింజల అంచులు చుట్టూ ఉన్న రాతిలో కలిసిపోతాయి. 6లో గింజను పట్టుకోవడానికి కళ్ళు చిట్లించాలి. ఈ కాగడం మన గాలిలో మండడం కాదు సుమా. గ్రహశకలం పుట్టిన కొత్తలో దాని కడుపులోనే జరిగింది. అల్యూమినియం 26 అనే రేడియోధార్మిక పదార్థం, ఏడు లక్షల ఏళ్ళకోసారి సగం తరిగిపోతూ, ఆ వేడినిచ్చింది. లోతుగా ఉన్న రాయి ఎక్కువ కాగి 6 అయింది, పైపైన ఉన్నది 3గా మిగిలింది. 2, 1 అంకెలు మాత్రం వేరే కథ. అవి నీటివల్ల మారినవి. జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో 2017 జూన్ 6న పడిన రాయి సీఎం 2. సీఎం అనేది కార్బన్ ఉండే కాండ్రైట్లలో ఒక గుంపు. బొగ్గులా నల్లగా ఉండే ఈ జాతి రాళ్ళలో కార్బన్ సమ్మేళనాలూ, నీటిని పట్టుకున్న మట్టి ఖనిజాలూ ఉంటాయి. ఆస్ట్రేలియాలో 1969 సెప్టెంబరు 28న పడిన మర్చిసన్ కూడా సీఎం 2నే, అందులో అమైనో ఆమ్లాలు దొరికాయి.

మన దేశం నుంచే ఉదాహరణలు పెట్టుకుంటే గుర్తుంటుంది. గుజరాత్‌లో 1976 జనవరి 28న పడిన ధజాలా హెచ్ 3.8, అంటే 3లోనే 4కు దగ్గరిది. తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో 2008 సెప్టెంబరు 12న పడిన సూళగిరి ఎల్ఎల్ 6. అస్సాంలో 2015లో పడిన కమర్‌గావ్ ఎల్ 6. నీ నోటుపుస్తకంలో ఇవి రాసుకుని పక్కన వాటి కథ నీ మాటల్లో రాయి: ఇనుము ఎంత, వేడి ఎంత, నీళ్ళు తగిలాయా లేదా.

కాండ్రూళ్ళు అసలే లేని రాతి ఉల్కలు కూడా ఉన్నాయి, వాటిని అకాండ్రైట్లంటారు. పెద్ద శకలాలు పూర్తిగా కరిగి, లావా పారి, గడ్డకట్టగా వచ్చిన రాళ్ళవి. ఆంధ్రలో అప్పటి కృష్ణా జిల్లా విస్సన్నపేటలో 1997 డిసెంబరులో పడింది యూక్రైట్. అది కరిగిన శిల చల్లారి గడ్డకట్టిన రాయి. ఆ కుటుంబమంతా వెస్టా అనే గ్రహశకలం నుంచి వచ్చిందని శాస్త్రవేత్తల నమ్మకం. 2011లో డాన్ నౌక వెస్టా దగ్గరికి వెళ్ళి చూసిన తర్వాత ఆ నమ్మకం బలపడింది. రాజస్థాన్‌లో 1996లో పడిన పిప్లియా కలాన్ కూడా యూక్రైటే. కరిగి గడ్డకట్టిన రాళ్ళలో అల్యూమినియం 26 జాడను మొదట చూపించింది ఆ రాయి. ఆ పని చేసింది అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు. బీహార్‌లోని షేర్ఘాటిలో 1865 ఆగస్టు 25న పడిన రాయి అంగారకుడిది. దాన్నిబట్టే ఆ జాతి రాళ్ళన్నిటికీ షెర్గొటైట్లని పేరు.

ఎవరు నిర్ణయిస్తారని అడిగావు. ప్రయోగశాల ఈ కొలతలన్నీ చేసి, అంతర్జాతీయ మీటియొరిటికల్ సొసైటీకి పంపుతుంది. అక్కడి పేర్ల సంఘం ఒప్పుకుంటే, పడిన చోటు పేరే రాయి పేరవుతుంది. దొరికినవాళ్ళ పేరు పెట్టరు. 20 గ్రాములు గానీ, మొత్తంలో అయిదో వంతు గానీ, ఏది తక్కువైతే అది, ఒక సంస్థలో శాశ్వతంగా దాచాలన్నది వాళ్ళ నియమం. రేపు ఎవరికి అనుమానం వచ్చినా అదే రాయిని మళ్ళీ తీసి చూడొచ్చు. వాళ్ళ జాబితాలో ఇప్పుడు 70 వేలకు పైగా పేర్లున్నాయి.

ప్రశ్న: మా నాయనమ్మ బియ్యం గుమ్మిలో ఒక నల్లరాయి పెట్టేది. పిడుగురాయి అంటారు. ఒకవైపు పదునుగా, నున్నగా ఉంటుంది. పిడుగుతో పాటు పడిందట. ఉల్కేనా?
— అలంపూర్ నుంచి

ఉల్క కాదు, కానీ దాన్ని పారేయకండి. ఫొటోలో ఉన్నది కొత్తరాతి యుగం గొడ్డలి. దాదాపు నాలుగు వేల ఏళ్ళ కిందట కృష్ణా, తుంగభద్రల మధ్య ఆవుల మందలు మేపుకున్నవాళ్ళు ఇదే డోలరైట్‌ను చెక్కి, కొట్టి, నూరి గొడ్డళ్ళు చేసుకున్నారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో వాళ్ళు పేడ కాల్చగా మిగిలిన బూడిద దిబ్బను ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1950ల్లో తవ్వి చూశాడు. పిడుగు అంటే కరెంటే, దాంతోపాటు రాయి రాదు. పిడుగు పడ్డ వానకు మట్టి కొట్టుకుపోయి గొడ్డలి బయటపడితే, పెద్దవాళ్ళు ఆ రెండిటినీ కలిపి చూశారు. మీ నాయనమ్మ దాన్ని అన్నేళ్ళు భద్రంగా ఉంచినందుకు ఆమెకు దండం పెట్టాలి. పాలమూరు పిల్లలమర్రి మ్యూజియం వాళ్ళకు ఒకసారి చూపించండి, ఏ చేను నుంచి వచ్చిందో గుర్తుంటే అది కూడా చెప్పండి.

ప్రశ్న: ఒక రాత్రి పడమటి దిక్కున పచ్చటి వెలుగు పెద్దగా మెరుస్తూ పోయి మా ఊరి గుట్ట వెనక పడింది. పొద్దున్నే ఫ్రెండ్స్‌తో వెళ్ళి వెతికినా ఏమీ దొరకలేదు. ఎలా వెతకాలి?
— నాగర్‌కర్నూల్ యువకుడు

గుట్ట వెనక పడలేదు తమ్ముడూ. ఉల్కలు మండుతూ నేలను తాకవు. రాయి మిగిల్చే వెలుగుగోళాలు సాధారణంగా 20, 30 కిలోమీటర్ల ఎత్తులోనే ఆరిపోతాయి. అక్కడి నుంచి రాయి వెలుగు లేకుండా, మామూలు రాయిలా చీకట్లో కిందికి జారుతుంది.

చేయి చాచి పిడికిలి పెడితే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. గుట్టల మీద ఒక పిడికిలి ఎత్తులో ఆ వెలుగు ఆరిందనుకుందాం. ఆరిన ఎత్తు 25 కిలోమీటర్లనుకుంటే, అది మీ నుంచి దాదాపు 140 కిలోమీటర్ల దూరం. అంటే రాయచూరు దాటి కర్ణాటకలో ఎక్కడో. వెలుగు వెళ్ళిన రెండు మూడు నిమిషాలకు ఉరుములాంటి చప్పుడు, కిటికీల అదురు వస్తే అది నలభై, అరవై కిలోమీటర్లలోపు సంగతి. అప్పుడు కదలాలి.

ఈసారి చూస్తే కాళ్ళు కదపకముందే అక్కడే నిలబడి రాసుకో: టైము, ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆరింది, ఏ కరెంటు స్తంభానికి, ఏ నీళ్ళ ట్యాంకుకు ఎంత పైన. పొద్దున్నే అదే చోట నిలబడి ఫొటో తీసుకో. ఆ తర్వాత పెట్రోలు బంకుల్లో, షాపుల్లో సీసీ కెమెరాల వీడియో చెరిగిపోకముందే అడిగి దాచు. రెండు మూడు ఊళ్ళ కెమెరాలు దొరికితే లెక్కగట్టి రాయి పడ్డ జాగనే కాదు, సూర్యుడి చుట్టూ అది తిరిగిన దారిని కూడా గీయొచ్చు. 1959 ఏప్రిల్ 7న చెకోస్లొవాకియాలో ప్రీబ్రమ్ అనే రాయికి మొదటిసారి అలా గీశారు. రష్యాలో 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్స్క్ ఉల్కకు కార్లలోని కెమెరాలే ఆ పని చేసిపెట్టాయి. ఆ ఎల్ఎల్ 5 రాయిలో 654 కిలోల ముక్కను చెబర్కుల్ చెరువు అడుగు నుంచి తీశారు.

పడగానే ఎర్రగా కాలుతూ ఉంటుందనీ, గడ్డి అంటుకుంటుందనీ అనుకుంటారు. అప్పుడే పడిన రాతి ఉల్క ముట్టుకుంటే గోరువెచ్చగానో చల్లగానో ఉంటుంది. గడ్డివాము కాలిందంటే కారణం వేరే వెతకాలి.

ప్రశ్న: నేను టీచరుగా పనిచేస్తున్నాను. ప్రపంచంలోని వేరువేరు చోట్ల రాతి ఉల్కలు సేకరించి పిల్లలకు చూపించాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? అసలు మన ప్రాంతంలో ఎందుకు దొరకవు?
— సూర్యాపేట

రెండో ప్రశ్నకు ముందు జవాబు. ఆకాశం మన మీద చిన్నచూపు చూడలేదు. చదరపు కిలోమీటరుకు సహారాలో ఎన్ని పడతాయో తెలంగాణలోనూ సుమారు అన్నే పడతాయి. కానీ మన వానలకు ఉల్కలోని లోహం తుప్పు పట్టి, ఉబ్బి, రాయి పగిలి మట్టిలో కలిసిపోతుంది. మిగిలినవి నల్లరాళ్ళ మధ్య నల్లరాళ్ళై కళ్ళకు ఆనవు. ఎడారిలో వాన లేదు, తెల్లటి నేల మీద నల్లరాయి దూరానికే కనిపిస్తుంది. అంటార్కిటికాలో ఇంకా నయం. 1969లో జపాన్ బృందం యమాటో కొండల దగ్గర మంచు మీద తొమ్మిది రాళ్ళు ఏరింది. ఒకేచోట ఉన్నా అవి వేరువేరు రకాలు. అంటే ఒక్క ఉల్కల వానలో పడినవి కావు. ఎక్కడెక్కడో పడిన రాళ్ళను మంచు మోసుకొచ్చి కొండకు ఆనిస్తే, గాలి ఆ మంచును అరగదీసి రాళ్ళను పైకి తేల్చింది. ఆ తర్వాత 1976 నుంచి అమెరికా బృందాలు దాదాపు ఏటా వెళ్ళి 20 వేలకు పైగా ముక్కలు తెచ్చాయి. అంగారకుడి నుంచి వచ్చిన ఏఎల్‌హెచ్ 84001 కూడా అక్కడిదే. అంటార్కిటికా రాళ్ళు ఎవరూ అమ్మరు, అవి పరిశోధనకే.

మీరు కొనగలిగేవి ఎక్కువగా వాయవ్య ఆఫ్రికా ఎడారి రాళ్ళు. వాటికి ఊరి పేరు లేదు, ఎన్‌డబ్ల్యూఏ అని ఒక నంబరు మాత్రం ఉంటుంది. ఎవరు, ఏ దిబ్బ మీద, ఎప్పుడు ఏరారో చాలావాటికి తెలియదు. సంతలో చేతులు మారి వచ్చాయి. ఇది నాకు మనసుకు కష్టంగానే ఉంటుంది. పడిన చోటు తెలిస్తే పక్కన పడిన జంట రాళ్ళను కలపవచ్చు, ఎంత మేర చెదిరాయో గీయవచ్చు. అదంతా పోయింది. ఒమన్ నుంచి అనుమతి లేకుండా రాళ్ళు తేవడం నేరం. అమ్మేవాడు కనీసం ఏ ప్రాంతం రాయో చెప్పకపోతే కొనకండి.

మొదటి రాయిగా ఎన్‌డబ్ల్యూఏ 869 కోసిన పలక ఒకటి తీసుకోండి. నా బల్ల మీద ఉన్నదీ అదే. ఎల్ గుంపుది, 3 నుంచి 6 దాకా వేరువేరుగా కాగిన ముక్కలన్నీ ఒకే రాయిలో అతుక్కుని ఉంటాయి. ఒక్క పలకతో వర్గీకరణ పాఠమంతా చెప్పొచ్చు. టన్నుల కొద్దీ దొరికింది కాబట్టి ధర కూడా అందుబాటులోనే. ఆ తర్వాత ఒక హెచ్ 5, అయెండె చిన్న తునక, వీలైతే ఒక యూక్రైట్. పక్కన మన డోలరైట్, చిట్టెం తప్పకుండా పెట్టండి. తేడా పిల్లల చేతికి తెలియాలి. కొనేముందు ఆ పేరూ బరువూ మీటియొరిటికల్ బులెటిన్ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి, ఆ జాబితా అందరికీ ఉచితం.

ఇంటికి రాగానే రాయికి కాదు, ముందు కాగితానికి పెట్టె చేయండి. పేరు, రకం, బరువు, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారు, వాళ్ళిచ్చిన చీటీ. ఆ చీటీ పోతే రేపు మీ రాయీ, సంతలో రాయీ ఒకటే. రాయిని సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో ఉంచండి. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా నెలకోసారి పొట్లం మార్చండి. పిల్లలకు చేతికివ్వాలంటే ఒక ముక్కను దానికే కేటాయించి, మిగతావాటిని చెమట చేతులకు దూరంగా పెట్టండి. చెమటలోని ఉప్పు లోహాన్ని తినేస్తుంది.

ప్రశ్న: మా నాన్న పొలంలో ఏరిన రాయి ఇది. అరచేతిలో పట్టేంత. పైన నల్లగా, పగిలిన చోట బూడిదరంగు, అక్కడక్కడ తుప్పు చుక్కలు. కోసి చూడమంటారా?
— మక్తల్ దగ్గరి గ్రామం నుంచి

కోయకండి. కడగకండి, సానపట్టకండి, నూనె రాయకండి. పైన చెప్పిన అరగదీసే పరీక్ష కూడా దీనికి వద్దు.

ఈ నెల వచ్చిన ఫొటోల్లో నేను కుర్చీలోంచి లేచి కిటికీ వెలుగులోకి వెళ్ళి చూసినది ఇదొక్కటే. పగులు అంచున నల్లతొక్క సన్నటి గీతగా కనిపిస్తోంది. బుడగలు లేవు. మూలలు గుండ్రంగా కరిగినట్టున్నాయి, పైన లోతులేని నున్నటి గుంటలున్నాయి. తుప్పు చుక్కలు లోహం ఉన్నచోట వచ్చేవే. ఇన్ని ఉన్నా ఫొటో చూసి అవునని చెప్పడం న్యాయం కాదు. అవునో కాదో మైక్రోప్రోబ్ చెప్పాలి.

మీరు చేయవలసింది ఇది. ఈ రోజే మీ నాన్నగారిని కూర్చోబెట్టి అడిగి రాయండి: ఏ ఏడు, ఏ పంట మీద ఉన్నప్పుడు, చేనులో ఏ మూల, పైనే ఉందా నాగలికి తగిలిందా, దగ్గర్లో ఇంకేమైనా ఉన్నాయా. సర్వే నంబరు వేయండి. ఆయనతో ఆ చోటికి నడిచి వెళ్ళి ఫోన్‌లో లొకేషన్ తీసుకోండి. రాయిని శుభ్రమైన పొడి కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టండి. తర్వాత హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసుకు స్వయంగా తీసుకెళ్ళండి. మన దేశంలో పడిన ఉల్కలను భద్రపరిచే పని ఆ సంస్థదే, పెద్ద సేకరణ కోల్‌కతాలో ఉంది. అప్పగించేటప్పుడు బరువు వేయించి, రసీదు తీసుకోండి. ఆ రసీదు మీదా, అర్జీ మీదా ఏరినవారిగా మీ నాన్నగారి పేరు రాయించండి. మధ్యలో ఎవరైనా వచ్చి కొంటామంటే చూపించనైనా చూపించకండి.

వచ్చే సంచికకు ఫొటోలు పంపేవాళ్ళు రాయి పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి, నీడలో, నాలుగు వైపుల నుంచీ తీయండి. ఫ్లాష్ వేయకండి. ఊరి పేరు, చేను ఎర్రదా రేగడిదా, రాయి పైన దొరికిందా తవ్వితే వచ్చిందా, ఈ మూడూ రాయని ఫొటోకు జవాబు ఇవ్వడం నాకు కష్టం.